బావ పేరున ఇచ్చిన రక్తం

ఇరవై ఏడేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి చిన్న సూదికి జడుసుకున్నాడంటే ఎవరూ నమ్మరు. నిజానికి డ్రైవరు జడుసుకున్నది సూదికి కాదు, ఆ సూది లాగే రక్తంలో ఏం బయటపడుతుందోనని.

డిపో నోటీసు బోర్డు మీద కాగితం అంటించి రెండు వారాలైంది. యాభై దాటిన డ్రైవర్లందరూ ఆరోగ్య పరీక్ష చేయించుకోవాలని, పొద్దున్నే ఏమీ తినకుండా రావాలని, రానివాళ్లకు స్టీరింగు ఇవ్వబోమని అందులో ఉంది. మిగతా డ్రైవర్లు ఆ కాగితం ముందు నిలబడి ఒకరి పొట్ట మీద ఒకరు తడుతూ వేళాకోళాలాడుకున్నారు. ఇతను మాత్రం అక్కడ కాగితమే లేనట్టు పక్కనుంచి వెళ్లిపోయేవాడు.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. ఏడాదిగా దాహం ఎక్కువైంది. ట్రిప్పు ట్రిప్పుకీ సీసాడు నీళ్లు ఖాళీ అయ్యేవి. సాయంత్రానికి అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుండేది. వాళ్ల నాన్నకూ ఇలాగే మొదలైంది. ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. చివరి మూడేళ్లూ ఆ పెద్దాయన మంచం మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తూ వెళ్లదీశాడు. ఇంట్లో ఎవరి నోట షుగరన్న మాట వచ్చినా డ్రైవరు లేచి అవతలికి పోయేవాడు.

దానికితోడు పొట్టాయన సంగతి ఉండనే ఉంది. డిపోలో అందరూ పొట్టాయన అని పిలిచే డ్రైవరు కిందటేడు కళ్లు తిరిగి బస్సును డివైడరు ఎక్కించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, షుగరు మితిమీరి ఉందని తేలింది. స్టీరింగు మీంచి దించి గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చే బస్సు నంబరూ పోయే బస్సు నంబరూ రాసుకోవడమే ఇక అతని పని. ప్రతి పొద్దునా బస్సు బయటికి తీసేటప్పుడు, తలెత్తకుండా నంబరు రాసుకునే పొట్టాయనను చూడలేక డ్రైవరు మొహం తిప్పుకునేవాడు.

ఈ బెంగంతా అతను చెప్పుకున్నది ఒక్క బామ్మర్దికే. భార్యకు తమ్ముడతను. డ్రైవరుకన్నా మూడేళ్లు చిన్న, యాభై దాటాడు. పని వడ్రంగం. తలుపులూ కిటికీలూ చేసే చిన్న షెడ్డు ఉంది. ఊళ్లో అందరూ అతన్ని రేడియో అంటారు. రంపం ఆగినా నోరు ఆగదు మరి.

డ్రైవరు చెప్పిందంతా విని, రేడియో చిత్రిక పట్టడం ఆపకుండానే అన్నాడు. "ఇంతేనా బావా. నీ బదులు నేను వెళ్తా."

"నువ్వెలా వెళ్తావురా."

"నీ చొక్కా వేసుకుని. నీ కార్డు మీద ఫొటో ఎప్పటిది? పాతికేళ్ల నాటిది. అందులో నువ్వు నీలాగా లేవు, నాలాగా ఉన్నావు. చెప్పకూడదు గాని, అప్పుడు కాస్త బాగుండేవాడివి."

"నర్సు పోల్చుకుంటే?"

"నర్సు మొహం చూస్తుందా, నరం చూస్తుందా?"

డ్రైవరు నవ్వాడు. చాలా రోజుల తర్వాత అతను నవ్వడం అదే. నవ్వి, వెంటనే భయపడ్డాడు. "ఎవరితోనూ అనకూడదు. మీ అక్కతో కూడా. అక్క మీద ఒట్టెయ్."

"ఒట్టు," అన్నాడు రేడియో, చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ.

పరీక్షలు మూడు రోజులు పెట్టారు. రక్తం తీసేవాళ్లు బయటి ల్యాబునుంచి వచ్చినవాళ్లు, డిపోలో ఎవరి మొహమూ ఎరగరు. తన షిఫ్టువాళ్లందరూ రోడ్డు మీద ఉండే రోజు చూసి డ్రైవరు బామ్మర్దిని పంపించాడు. తను రోడ్డుకు అవతల, మూసి ఉన్న చెప్పుల కొట్టు నీడలో నిలబడ్డాడు. అరగంట అరయుగంలా గడిచింది. అప్పుడు బయటికొచ్చాడు రేడియో, భుజాల దగ్గర బిగుతుగా, పొట్ట దగ్గర వదులుగా ఉన్న బావ యూనిఫాం చొక్కాలో, మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని, పెళ్లికొడుకులా నడుచుకుంటూ.

"మూడువందల పన్నెండు, అని పిలిచింది. అది నేనేనని మర్చిపోయాను బావా. వెనకాయన వీపులో పొడిచాడు. బీపీ చూసి ఆ అమ్మాయి ఏమందో తెలుసా? ఈ వయసులో ఇంత బాగుండడం అరుదండీ అంది. నా పుణ్యాన నీకు మంచి పేరొచ్చింది."

ఇద్దరూ వెళ్లి హోటల్లో కడుపునిండా తిన్నారు. రేడియో తన వీరగాథ నాలుగుసార్లు చెప్పాడు. ప్రతిసారీ అందులో నర్సు ఇంకాస్త అందంగా తయారైంది.

పన్నెండు రోజులకు రిపోర్టు వచ్చింది. డిపోలో ఆగి ఉన్న బస్సెక్కి, తన సీట్లో కూర్చుని కవరు చింపాడు డ్రైవరు. మొదటి పేజీలో షుగరు ఉండాల్సిన చోటే ఉంది. కొవ్వూ, కిడ్నీ, కాలేయం, అన్నీ గీత లోపలే. అక్కడికక్కడే ఫోను చేశాడు.

"ఒరేయ్, నీ రక్తం బంగారంరా. ఎక్కడా వంక లేదు."

"నేను చెప్పానా. ఇంక నాకు నూరేళ్లకు ఢోకా లేదు. నువ్వు హాయిగా బస్సు నడుపుకో."

మర్నాడు డిపో డాక్టరమ్మ కబురు చేసింది. నెత్తి మీద కళ్లద్దాలు పెట్టుకుని, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నింపాదిగా మాట్లాడే పెద్దావిడ.

"రెండో పేజీ చూశారా?" అంది.

రెండో పేజీ ఉందని కూడా అతనికి తెలీదు.

"మగవాళ్లకి మూత్రసంచి కింద ప్రొస్టేట్ అని చిన్న గ్రంథి ఉంటుంది. దాంట్లో ఏదైనా తేడా వస్తే రక్తంలో ఈ అంకె పెరుగుతుంది. మీ వయసుకి నాలుగు దాటకూడదు. మీది ఇరవై రెండు."

డ్రైవరు కుర్చీ అంచుకు జరిగాడు. "క్యాన్సరా అండీ?"

"కావచ్చు, కాకపోవచ్చు. వాపు వచ్చినా, చీము పట్టినా పెరుగుతుంది. అదేదో తేల్చుకోవడానికే పెద్దాసుపత్రికి రాస్తున్నాను. ఒకవేళ క్యాన్సరే అయినా, గ్రంథి దాటి బయటికి పోకముందు దొరికితే చాలామందికి నయమవుతుంది. మన మగవాళ్లతో వచ్చిన చిక్కేంటంటే, నొప్పి పుడితేగాని రారు. దీనికి మొదట్లో నొప్పే ఉండదు. మూత్రానికి ఏమన్నా ఇబ్బందిగా ఉందా?"

"లేదండీ," అన్నాడతను తన గురించి. అన్నాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. కిందటి నెల ఇద్దరూ సినిమాకి వెళ్తే రేడియో మూడుసార్లు లేచి వెళ్లాడు. వెనక వరసవాళ్లు విసుక్కున్నారు కూడా.

"రెండు వారాల్లో వాళ్ల రిపోర్టు తెచ్చి నాకు చూపించాలి," అని ఉత్తరం చేతికిచ్చింది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా బామ్మర్ది షెడ్డుకు పోయాడు. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తీరా వెళ్లాక అవి ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒరేయ్, మనకి వయసొచ్చింది కదా. నువ్వు కూడా ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

"చూపించుకున్నాగా, నీ పేరు మీద."

"అది కాదురా. మగవాళ్లకి ప్రొస్టేట్ అని ఒకటి..."

"ఒక్క రిపోర్టు చదివేసరికి డాక్టరువైపోయావా బావా." రేడియో పకపకా నవ్వి, ఉలి పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు. "అన్నట్టు నిన్న ఎదురు కొట్టాయనకి మన కథ చెప్తే కిందపడి దొర్లాడనుకో."

డ్రైవరు ఎదురు కొట్టు వైపు చూశాడు. "చెప్పావా?"

"నీ పేరు చెప్పలేదులే. మా బావ అన్నానంతే."

"నీకెంతమంది బావలురా?"

రేడియో కాస్త ఆలోచించాడు. "నువ్వొక్కడివే," అని ఒప్పుకున్నాడు.

డ్రైవరు మనసులో లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే వీడు రేపు పెద్దాసుపత్రిలో మొదటి డాక్టరుకే మొత్తం కథ చెప్పేస్తాడు. రక్తం ఎవరు ఇచ్చారు, ఎవరి పేరున ఇచ్చారు, ఏ చొక్కా వేసుకున్నారు, అన్నీ. అది కాగితం మీదికెక్కుతుంది. కాగితం డిపోకొస్తుంది. ఒకరి బదులు ఒకరు పరీక్షకు వెళ్తే ఉద్యోగం ఊడుతుందని నోటీసులో అడుగున సన్నక్షరాల్లో ఉంది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. నిదానంగా ఆలోచించి, వీడి నోటికి తాళం పడే ఉపాయమేదో చూసి, అప్పుడు చెబుదామనుకున్నాడు. అలా అనుకుని ఇంటికెళ్లిపోయాడు.

డాక్టరమ్మ ఇచ్చిన గడువు ముంచుకొచ్చింది. చేసేది లేక ఉత్తరం పట్టుకుని తనే పెద్దాసుపత్రికి పోయాడు. ఈసారి రక్తం అతనిదే. ప్రొస్టేటు అంకె ఒకటిన్నర వచ్చింది. పనిలో పనిగా షుగరు కూడా చూశారు. అది హద్దు దాటి ఉంది, కానీ బాగా దాటలేదు. పొద్దునొకటి సాయంత్రమొకటి మాత్ర రాశారు, రోజూ గంటసేపు నడవమన్నారు.

"నన్ను స్టీరింగు మీంచి దించేస్తారా అండీ?" అని అడిగాడు అక్కడి డాక్టరును.

ఆ కుర్ర డాక్టరు వింతగా చూశాడు. "దీనికెవరు దించుతారండీ. మందులేసుకోకుండా కళ్లు తిరిగి పడితే దించుతారు."

ఏడాదిపాటు గుండెల మీద మోసిన బండ అంత తేలిక మాటతో దొర్లిపోయింది. అతనికి సంతోషం కలగాలి. కలగలేదు.

డిపో డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "మొదటిసారి ల్యాబువాళ్లు సీసాలు తారుమారు చేసినట్టున్నారు. మీరు గండం తప్పించుకున్నారు," అంది. తర్వాత ఆవిడ మొహం ముడుచుకుంది. "అయితే ఈ ఇరవై రెండు ఎవరిదో. పాపం, తనకంతా బాగుందనుకుని తిరుగుతుంటాడు. ల్యాబుకి రాస్తాను, వెతకమని."

డ్రైవరు తలూపి బయటికొచ్చాడు. ఆవిడ రాసింది. మా దగ్గర తారుమారేం కాలేదని వాళ్లు జవాబిచ్చారు. ఆవిడ ఇంకోసారి రాసింది. వాళ్లు మళ్లీ అదే ఇచ్చారు. అక్కడితో ఆ కాగితం ఏ ఫైల్లోనో పడిపోయింది. పెద్దాసుపత్రికి ఆవిడ రాసిచ్చిన ఉత్తరం నకలును డ్రైవరు నాలుగు ముక్కలు చేసి డిపో చెత్తడబ్బాలో వేశాడు.

చెప్పకూడదని అతనెప్పుడూ అనుకోలేదు. ఈ ఒక్క మాట అతని పక్షాన చెప్పాలి. మొదటివారం రేడియో చేతిలో పెద్ద పని ఉంది, ఒక కొత్త ఇంటికి పదకొండు తలుపులు. అది ముగిశాక చెబుదామనుకున్నాడు. అది ముగిసేలోపు రేడియో భార్యకు కంటి ఆపరేషనైంది. ఇప్పుడెలా అనుకున్నాడు. వాపయినా పెరుగుతుందని డాక్టరమ్మే అంది కదా, వాపే అయి ఉంటుంది, మనిషి చూస్తే రాయిలా ఉన్నాడు అనుకున్నాడు. ఇలా రెండు నెలలయ్యాక అసలైన చిక్కొచ్చిపడింది. ఇప్పుడు చెబితే, రెండు నెలలు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. నాలుగు నెలలయ్యాక ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది. ఆరు నెలలకు దాన్ని కదపడం అతని తరం కాలేదు. మాత్రలు పనిచేసి అతని దాహం తగ్గింది. అరికాళ్లలో చీమలు పోయాయి. బామ్మర్ది ఎదురుపడితే మాత్రం అతని కళ్లు ముందు ఆ నడుము మీద పడేవి, నడక మీద పడేవి. "ఏంటి బావా, నన్నేదో కొలత తీస్తున్నట్టు చూస్తావు," అనేవాడు రేడియో.

పదకొండో నెలలో రేడియోకు నడుం పట్టేసింది. టేకు దుంగ ఎత్తినప్పుడు బెణికిందన్నాడు. మందు రాసుకున్నాడు, వేడినీళ్ల కాపడం పెట్టుకున్నాడు, నడుముకు బెల్టు కట్టుకుని చిత్రిక పట్టాడు. మూడు వారాలకు ఒక పొద్దున మంచం దిగబోతే ఎడమకాలు మాట వినలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్లింది డ్రైవరే. చక్రాల కుర్చీ తోసిందీ, స్కానింగు గది బయట మూడు గంటలు నిలబడిందీ అతనే. వెన్నెముకలో మూడుచోట్ల పాకిందనీ, మూలం ప్రొస్టేటులో ఉందనీ చెప్పింది అక్కడి స్పెషలిస్టు. నడివయసు మనిషి, అలసిన గొంతు.

"ఇంతకుముందెప్పుడైనా రక్త పరీక్ష చేయించుకున్నారా?" అని అడిగింది.

రేడియో పడుకునే నవ్వాడు. "కిందటేడు చేయించానండీ. బంగారంలా ఉందన్నారు. కావాలంటే మా బావనడగండి."

"అందులో ప్రొస్టేట్ పరీక్ష కూడా ఉందా?"

రేడియో తల తిప్పి అతని వైపు చూశాడు. "ఉందా బావా?"

గదిలో పంకా తిరుగుతోంది. రేడియో భార్య మంచం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు భార్య గుమ్మంలో నిలబడి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండు నెలలుగా అతను వెతుక్కున్న సమయం ఇప్పుడు అడక్కుండానే ఎదురొచ్చింది.

"లేదు," అన్నాడు డ్రైవరు. "షుగరూ, కొవ్వూ. అంతే."

"అదే," అంది స్పెషలిస్టు కాగితం మీద ఏదో రాసుకుంటూ. "అది కూడా చూసుంటే బాగుండేది."

బయట వరండాలోకి వచ్చాక డ్రైవరు ఆవిడ వెంట పడ్డాడు. ఏడాది ముందు తెలిసుంటే బతికేవాడా అని అడిగాడు. "తప్పకుండా బతికేవాడని నేను రాసివ్వలేను. అప్పటికే బయటికి పాకి ఉండొచ్చు. పాకకుండానూ ఉండొచ్చు. ఒక అవకాశం ఉండేది," అంది. ఆ మాటలో అతనికి దాక్కోవడానికి చోటు దొరికింది గాని, అక్కడ కాలు చాపుకుని కూర్చునేంత జాగా లేదు.

ఆ తర్వాత అతను చేసిన చాకిరీ చూసి చుట్టుపక్కలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సెలవులన్నీ పెట్టేశాడు. షిఫ్టులు మార్చుకున్నాడు. బామ్మర్దికి ఒళ్లు తుడిచాడు, గడ్డం గీశాడు, ఒంటేలు డబ్బా మార్చాడు. ఇంజెక్షన్లు మొదట్లో బాగా పనిచేశాయి. రేడియో చేతికర్ర పట్టుకుని షెడ్డుదాకా నడిచి, కుర్చీలో కూర్చుని పనివాళ్ల మీద కేకలు వేసేదాకా వచ్చాడు. ఆరు నెలలు గడిచాక అంకె మళ్లీ పైకెక్కడం మొదలైంది. మందు మార్చారు. మనిషి కరిగిపోసాగాడు. "తోడబుట్టినవాడైనా ఇలా చూడడన్నయ్యా," అని రేడియో భార్య అతని ముందు కళ్లొత్తుకుంది. అప్పుడతను పెరట్లోకెళ్లి కుళాయి తిప్పుకుని మొహం కడుక్కున్నాడు, కడుక్కున్నదే కడుక్కున్నాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. రేడియో భార్య మందులకు వెళ్లింది. రేడియో దిండుకు ఆనుకుని, తనే చేసిన కిటికీ చట్రం వైపు చూస్తున్నాడు.

"నాకొకటే అర్థం కావట్లేదు బావా. అంత మంచి రక్తం ఏడాది తిరక్కుండా ఇలా ఎలా పాడైందంటావు? నేనేం పాపిష్టి తిండి తిన్నాను?"

డ్రైవరు మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం తిన్న గిన్నె ఉంది. దాన్ని నేల మీద పెట్టాడు. పెట్టి, చెప్పేశాడు. రెండో పేజీ, డాక్టరమ్మ, ఇరవై రెండు, తన సొంత రక్తం, చింపేసిన ఉత్తరం, అన్నీ. చెప్తున్నంతసేపూ తన మోకాళ్ల వైపే చూసుకున్నాడు.

రేడియో కళ్లు కిటికీ చట్రం మీదే ఉన్నాయి. అతను అంతసేపు మౌనంగా ఉండడం డ్రైవరు ఎరగడు.

"ఇరవై రెండా," అన్నాడు చివరికి. "మొన్న ఎనిమిది వందలన్నారు."

"ఒరేయ్, నన్ను..."

"ఆ కిటికీ వెయ్యి. ఎండ కళ్లల్లో పడుతోంది."

డ్రైవరు లేచి కిటికీ వేశాడు. గది మసకబారింది.

"అక్కకి చెప్పకు," అన్నాడు రేడియో.

"ఎందుకురా?"

"చెప్పకు. నేను పోయాక దానికి నువ్వొక్కడివే మిగుల్తావు. నా భార్యకీ చెప్పకు. నేనూ చెప్పను." దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "ఇంక వెళ్లు. నాకు పడుకోవాలనుంది."

ఆ తర్వాత ఏడు వారాలు బతికాడు రేడియో. అక్కతో మాట్లాడాడు, భార్యతో మాట్లాడాడు, చూడ్డానికొచ్చిన ఎదురు కొట్టాయనతో ఊపిరందనంత నవ్వాడు. డ్రైవరు వస్తే మాత్రం గోడ వైపు తిరిగేవాడు. ఏదైనా అడిగితే ఊఁ అనో ఊహూఁ అనో అనేవాడు. నొప్పివల్ల అలా ఉంటున్నాడు, మనసులో పెట్టుకోకండి అని రేడియో భార్య డ్రైవరుకు సర్దిచెప్పేది. ఒళ్లు తుడవడానికి డ్రైవరు చెయ్యి వేస్తే ఆ శరీరం తప్పుకునేది కాదు, సాయపడేదీ కాదు. బావా అన్న పిలుపు మళ్లీ అతని చెవిన పడలేదు. అలాగే ఒక మంగళవారం పొద్దున, అక్క పాలు తాగిస్తుండగా, ప్రాణం పోయింది.

తమ్ముడు పోయాక డ్రైవరు భార్య మొదట్లో మంచానికి అంటుకుపోయింది. తర్వాత లేచి కొత్త పని ఒకటి నెత్తినేసుకుంది. యాభై దాటిన మగవాడు ఎవడు కనపడినా వదల్లేదు. పాలాయన్ని ఆపింది. పక్కింటి రిటైరైన మేష్టారి ఇంట్లో కూర్చుని, ఆయన వెళ్తానని ఒప్పుకునేదాకా లేవలేదు. ఒకసారి భర్తకు కేరేజీ ఇవ్వడానికి డిపోకు వచ్చి, గేటు దగ్గర పొట్టాయనను పట్టుకుంది. "అన్నయ్యా, సిగ్గుపడకండి. షుగరొక్కటే చూపించుకుంటే చాలదు. మా తమ్ముడికి ఎవరైనా ఒక్క ముక్క ముందుగా చెప్పుంటే వాడు ఇవాళ ఉండేవాడు," అంది. డ్రైవరు కేరేజీ పట్టుకుని పక్కనే నిలబడి విన్నాడు.

మూడు నెలల తర్వాత పొట్టాయన వాళ్లింటికొచ్చాడు. ఎప్పుడూ తలొంచుకుని ఉండే మనిషి ఆ రోజు నిటారుగా కూర్చున్నాడు. ఆవిడ పోరు పడలేక పరీక్ష చేయించుకున్నాడట. తేడా ఉందన్నారట. ముక్క తీసి చూస్తే క్యాన్సరే అట, కాని గ్రంథి దాటలేదట. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంక మందు కూడా అక్కర్లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలన్నారు.

"నా అంకె ఎంతో తెలుసా," అన్నాడు పొట్టాయన డ్రైవరు వైపు తిరిగి. "పంతొమ్మిది. మీ ఆవిడ చెప్పకపోతే నేనీపాటికి ఏ దారిన పోతుండేవాణ్ణో. మీరు అదృష్టవంతులు."

డ్రైవరు భార్య ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆవిడ మొహంలో ఆ మాత్రం వెలుగు రావడం అదే మొదటిసారి. పొట్టాయనను గుమ్మందాకా సాగనంపి వచ్చి, ఎండలోంచి తెచ్చిన దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒక కొస తను పట్టుకుని రెండో కొస భర్తకు అందించింది.

డ్రైవరు అందుకోలేదు.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు.

నిలబడే చెప్పాడు. రెండోసారి కాబట్టి మాటలు తడుముకోవాల్సిన పనిలేకపోయింది. ఆవిడ దుప్పటి కొసను గుండెలకానించి పట్టుకుని చివరిదాకా వింది. మధ్యలో ఒక్కసారి మాత్రం అడిగింది.

"ఎన్ని నెలలు?"

"పదకొండు."

అంతా అయ్యాక అడిగింది. "వాడికి తెలుసా?"

"చెప్పాను. పోవడానికి ఏడు వారాల ముందు."

"ఏమన్నాడు?"

"నీకు చెప్పొద్దన్నాడు. తను పోయాక నీకు నేనొక్కణ్ణే ఉంటానన్నాడు."

ఆవిడ చాలాసేపు అతని మొహంలోకి చూసింది. కోపం కూడా కాదు అది. ఎన్నో ఏళ్లుగా అద్దెకుంటున్న ఇంటిని, ఖాళీ చేసే ముందు ఒకసారి చూసుకుంటారే, అలా చూసింది.

"మరెందుకు చెప్పారు?" అంది.

ఆవిడ ఆ దుప్పటిని ఒక్కతే మడతపెట్టుకుంది. పెద్ద దుప్పటి, ఒక్క మనిషికి కుదరక కొసలు జారిపోయాయి. మళ్లీ పరిచి మళ్లీ మడిచింది. అతను సాయానికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

మర్నాడు పొద్దున ఆవిడ నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని తమ్ముడి ఇంటికి, మరదలి దగ్గరికి వెళ్లిపోయింది. మరదలికి నిజం చెప్పిందో, తమ్ముడి మాట నిలబెట్టిందో డ్రైవరుకు తెలియలేదు. వెళ్లి అడిగే ధైర్యం లేకపోయింది. ఆ వారమంతా అతను తనే వండుకున్నాడు, తనే కేరేజీ కట్టుకున్నాడు. రోజూ ఆ షెడ్డున్న వీధి మొదట్లోంచే అతని బస్సు వెళ్తుంది. అక్కడ స్టాపు ఉంది. ఆపి, ఎక్కేవాళ్లను ఎక్కించుకుని, దిగేవాళ్లను దించి, తలుపు వేసి పోతూనే ఉన్నాడు.